బోల్డ్ కండెన్స్‌డ్ ఫాంటుతో హెడ్డింగు పెట్టడం ఎలా?

"హెడ్డింగు ఒక్క లైన్లో పట్టలేదు, అక్షరాలను పక్కల నుంచి కాస్త నొక్కాను. పట్టింది గానీ చూడ్డానికి బాగాలేదు. ఎక్కడ తప్పు చేశాను?"

పోస్టర్లు చేసేవాళ్లు, థంబ్‌నెయిళ్లు చేసేవాళ్లు, వెబ్‌సైట్లు కట్టేవాళ్లు అందరూ నన్ను అడిగేది ఇదే ప్రశ్న. తప్పు నొక్కడంలోనే ఉంది. ఇరుకు జాగాలో పెద్ద అక్షరం కావాలంటే, మొదటి నుంచీ ఇరుకుగానే గీసిన ఫాంటు తీసుకోవాలి. దాన్నే కండెన్స్‌డ్ అంటారు. ఆ ఫాంటును ఎలా ఎంచుకోవాలో, ఎలా పేర్చాలో, బాగా కుదిరిందో లేదో ఎలా చూసుకోవాలో వరసగా చెబుతాను.

ఈ రకం అక్షరాలు కొత్తవేమీ కావు. పంతొమ్మిదో శతాబ్దంలో చెక్కతో చెక్కిన పెద్ద అక్షరాలతో పోస్టర్లు అచ్చువేసేవారు. కాగితం వెడల్పు పెరగదు, మాట మాత్రం దూరానికి కనబడాలి. అందుకే అక్షరం ఎత్తుగా, మందంగా, ఇరుకుగా తయారైంది. 1903లో మోరిస్ ఫుల్లర్ బెంటన్ గీసిన ఆల్టర్నేట్ గాథిక్, 1965లో జెఫ్రీ లీ గీసిన ఇంపాక్ట్ ఈ వంశానివే. సెరిఫ్ అంటే గీత చివర ఉండే చిన్న కొస. ఆ కొసలు లేని అక్షరాలే సాన్స్ సెరిఫ్. పక్కపక్కన ఇరికించే అక్షరాలకు కొసలు అడ్డం కాబట్టి ఇక్కడ సాన్స్ సెరిఫే ఎక్కువగా వాడతారు. చరిత్ర ఇంత చాలు, పనిలోకి వెళ్దాం.

కావాల్సినవి

- హెడ్డింగు పూర్తి పాఠం, అక్షర దోషాలు సరిచూసింది. "తర్వాత మారుస్తాం" అనే పాఠంతో మొదలుపెట్టొద్దు. ఒక్క మాట మారినా మొత్తం పేర్పు మారిపోతుంది.
- ఇరుకుగా గీసిన బోల్డ్ ఫాంటు ఒకటి. హెడ్డింగులో తెలుగు ఉంటే, దానికి జోడీగా తెలుగు ఫాంటు ఒకటి.
- ట్రాకింగ్ (అక్షరాలన్నిటి మధ్య ఎడం), కెర్నింగ్ (ఒక్కో జంట అక్షరాల మధ్య ఎడం), లైన్ల ఎడం మార్చుకునే వీలున్న సాఫ్ట్‌వేరు ఏదైనా.
- పరీక్షకు ఒక ప్రింటరు. తెరమీదకే అయితే ఒక ఫోను.

1. ముందు మాటలు తగ్గించండి

ఈ ఫాంట్ల బలమంతా తక్కువ మాటల్లో ఉంది. రెండు నుంచి ఆరు మాటలైతే గోడ కట్టినట్టు నిలబడతాయి. పదిహేను మాటలు పెడితే నల్లటి కంచె తయారవుతుంది, ఎవరూ చదవరు. హెడ్డింగు పొడవుగా ఉంటే దాన్ని రెండుగా చీల్చండి. ముఖ్యమైన ముక్కను బోల్డ్ కండెన్స్‌డ్‌లో పెట్టి, మిగతాది మామూలు ఫాంటులో దాని కింద చిన్నగా పెట్టండి.

2. ఫాంటు ఎంచుకోండి

ఉచితంగా దొరికేవాటిలో నేను ఎక్కువగా సిఫారసు చేసేవి ఇవి:

- ఆంటన్: బాగా మందం. ఒకే బరువులో, అంటే ఒకే గీత మందంలో వస్తుంది. ఒకటి రెండు మాటల పోస్టరుకు సరిపోతుంది.
- ఆస్వాల్డ్: పల్చటి నుంచి బోల్డ్ దాకా బరువులు ఉన్నాయి. మరీ ఇరుకు కాదు కాబట్టి చిన్న సైజుల్లోనూ నిలబడుతుంది. మొదటిసారి ప్రయత్నించేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి.
- బెబాస్ న్యూ: పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలే ఉంటాయి. చిన్నబడి టైపు చేసినా పెద్దబడే కనిపిస్తుంది.
- లీగ్ గాథిక్: పైన చెప్పిన ఆల్టర్నేట్ గాథిక్‌కు కొత్త రూపం. మందం, ఇరుకు రెండూ సమపాళ్లలో ఉంటాయి.
- ఆర్కివో: వేరియబుల్ ఫాంటు. బరువును 100 నుంచి 900 దాకా, వెడల్పును 62 నుంచి 125 శాతం దాకా స్లైడరుతో మార్చుకోవచ్చు.

ఈ ఐదూ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చినవే. వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. ఫాంటు ఫైలును విడిగా అమ్ముకోవడానికి మాత్రం వీల్లేదు. కొన్న ఫాంటైతే దాని లైసెన్సు చదవండి. ప్రింటుకు ఇచ్చే అనుమతి, వెబ్‌కు ఇచ్చే అనుమతి చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి.

కొన్ని ఫాంట్ల పేర్ల వెనక అంకెలు కనిపిస్తాయి. 1957లో వచ్చిన యూనివర్స్‌కు ఏడ్రియన్ ఫ్రూటిగర్ పెట్టిన పద్ధతి అది. మొదటి అంకె బరువు, రెండోది వెడల్పు. అందులో 57 అంటే మామూలు బరువున్న కండెన్స్‌డ్, 67 అంటే బోల్డ్ కండెన్స్‌డ్.

ఎంచుకునేటప్పుడు ఫాంటు పేరు రాసి చూస్తే ఏమీ తెలియదు. మీ హెడ్డింగునే టైపు చేసి, ఈ నాలుగూ చూడండి. చిన్నబడి ‘ఇ’, ‘ఏ’, పెద్దబడి ‘ఆర్’, ‘ఎస్’ల లోపలి ఖాళీ తెరుచుకుని ఉందా? అంకెలలో 3, 6, 8, 9 ఒకదానికొకటి పోలకుండా ఉన్నాయా? పెద్దబడి ‘ఐ’, చిన్నబడి ‘ఎల్’ తేడా తెలుస్తోందా? మీకు కావాల్సిన కరెన్సీ గుర్తు, డ్యాష్, కొటేషన్ గుర్తులు ఉన్నాయా? అంకెలతో పని ఉన్న పోస్టరైతే రెండో పరీక్ష తప్పక చేయండి. తేదీలో 8 కాస్తా 6లా కనబడితే హెడ్డింగు ఎంత అందంగా ఉన్నా వృథా.

3. వెడల్పు స్కేలును ముట్టుకోవద్దు

అసలు విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

పెద్దబడి ‘హెచ్’ తీసుకోండి. మామూలు బోల్డ్‌లో దాని నిలువు గీత మందం 100 యూనిట్లు, మధ్యలోని అడ్డగీత మందం 90 అనుకుందాం. అడ్డగీత కంటికి లావుగా కనబడుతుంది కాబట్టి గీసేవాళ్లు దాన్ని కావాలనే కాస్త సన్నగా ఉంచుతారు. ఇప్పుడు మీరు వెడల్పును 70 శాతానికి తగ్గించారు. నిలువు గీత 70కి పడిపోయింది. అడ్డగీత మాత్రం 90 దగ్గరే ఉండిపోయింది. కాళ్లు సన్నబడి నడుం లావెక్కింది. చూసేవాళ్లకు కారణం తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

‘ఓ’ సంగతి ఇంకా స్పష్టం. ఇరుకుగా గీసిన ‘ఓ’కు రెండు పక్కలూ నిటారుగా ఉంటాయి, వంపు పైనా కిందా మాత్రమే ఉంటుంది. నొక్కిన ‘ఓ’ నిలబెట్టిన కోడిగుడ్డులా ఉంటుంది. అసలైన కండెన్స్‌డ్‌లో గీసినవాళ్లు ఇంకా చాలా సర్దుబాట్లు చేస్తారు. ‘ఎమ్’, ‘డబ్ల్యూ’లలో గీతలు ఎక్కువ కాబట్టి వాటిని ఒక్క పిసరు సన్నం చేస్తారు. చిన్నబడి ‘ఎన్’లో వంపు కాడను తాకేచోట కోసి పల్చన చేస్తారు, లేకపోతే అక్కడ మచ్చలా కనబడుతుంది. ‘ఆర్’ కాలు పక్కకు చాచకుండా దాదాపు నిటారుగా దించుతారు. ఈ పనేదీ స్లైడరు చేయలేదు.

ఒకసారి తొందరలో ఒక బ్యానరు హెడ్డింగును 75 శాతానికి నొక్కి పంపాను. తెరమీద బాగానే అనిపించింది. వేలాడదీశాక దూరం నుంచి చూస్తే అడ్డగీతలన్నీ కలిసి మధ్యలో ఒక పట్టీ గీసినట్టు కనిపించాయి. మళ్లీ అచ్చు వేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఫైలు పంపేముందు వెడల్పు స్కేలు 100 దగ్గరే ఉందో లేదో ఒకసారి చూసుకుంటున్నాను. మీరూ చూసుకోండి.

వేరే ఫాంటు దొరకని పరిస్థితి ఉంటే 97, 98 శాతం దాకా నొక్కినా ఎవరూ పట్టుకోలేరు. అంతకు మించి వెళ్లొద్దు. మాట మార్చండి, లైను విరవండి, సైజు తగ్గించండి. వేరియబుల్ ఫాంటులో వెడల్పు స్లైడరు జరపడం మాత్రం వేరే సంగతి. అక్కడ గీతల మందం కూడా గీసినవాళ్లు అనుకున్నట్టే సర్దుకుంటుంది, కాబట్టి నిస్సంకోచంగా జరపండి.

4. దొంగ బోల్డ్‌ను పట్టుకోండి

ఆంటన్, ఇంపాక్ట్ పుట్టుకతోనే బోల్డ్. వాటికి విడిగా బోల్డ్ ఫైలు ఉండదు. అయినా అలవాటుగా కంట్రోల్-బి నొక్కేస్తాం. అప్పుడు సాఫ్ట్‌వేరు అక్షరం చుట్టూ అదనపు మందం పూసి "బోల్డ్" అంటుంది. ముందే ఇరుకుగా ఉన్న లోపలి ఖాళీలు పూడుకుపోతాయి.

వెబ్‌సైటులో ఈ తప్పు మీకు తెలియకుండానే జరుగుతుంది. హెచ్‌వన్ ట్యాగుకు (పేజీలో పెద్ద హెడ్డింగుకు వాడేది) బ్రౌజరు తనంతట తానే బోల్డ్ తగిలిస్తుంది. ఫాంటు ఫైలులో 400 బరువు ఒక్కటే ఉంటే, బ్రౌజరే మందం కల్పించి చూపిస్తుంది. "మా సైటులో ఆంటన్ అలికినట్టు కనిపిస్తోంది" అని రాసేవాళ్లలో ఎక్కువమంది సమస్య ఇదే. మందు చిన్నదే: ఆ హెడ్డింగుకు ఫాంట్-వెయిట్ 400 అని రాయండి. ఇలా మందం కల్పించడాన్ని ఆపే ఫాంట్-సింథసిస్‌ను ‘నన్’ అని పెడితే ఇంకా భద్రం.

సరిచూడ్డానికి, ఫాంటు వెబ్‌సైటులోని నమూనాను, మీ పేజీని ఒకే సైజులో పక్కపక్కన పెట్టి పెద్దబడి ‘ఏ’ అక్షరం లోపలి త్రికోణాన్ని పోల్చండి. మీది చిన్నగా ఉంటే దొంగ బోల్డ్ పడినట్టే.

5. అక్షరాల మధ్య ఎడం

చిన్నబడి ‘ఎన్’ లోపల రెండు కాళ్ల మధ్య కొంత ఖాళీ ఉంటుంది కదా. పక్క అక్షరంతో ఉండే ఖాళీ దాదాపు దానికి సమంగా కనబడాలి, లేదా ఒక పిసరు తక్కువ ఉండాలి. కండెన్స్‌డ్‌లో లోపలి ఖాళీయే తక్కువ కాబట్టి బయటి ఖాళీ కూడా తక్కువే ఉంటుంది. అప్పుడే నలుపు తెలుపు చారలు ఒక లయలో నడుస్తాయి.

నేను మొదలుపెట్టే అంకెలు ఇవి. పెద్ద సైజు హెడ్డింగుకు ట్రాకింగ్ 0 నుంచి మైనస్ 15. చిన్న సైజులో, అంటే 18 పాయింట్ల కంటే తక్కువలో వాడాల్సి వస్తే ప్లస్ 15 నుంచి ప్లస్ 40. ఇవి ఇఎమ్‌లో, అంటే ఫాంటు సైజులో, వెయ్యో వంతు లెక్క. వెబ్‌లో మైనస్ 10 అంటే మైనస్ 0.01 ఇఎమ్. అక్కడి నుంచి కంటితో సర్దండి. అక్షరాలు ఒకదానికొకటి అంటుకుంటే మైనస్ ఎక్కువైంది. ఒక్కో అక్షరం విడివిడిగా నిలబడినట్టుంటే ప్లస్ ఎక్కువైంది.

తర్వాత జంటలు చూడండి. ‘ఎల్-టి’, ‘టి-ఏ’, ‘ఏ-వి’, ‘ఎల్-వై’ మధ్య పెద్ద ఖాళీ పడుతుంది. మిగతాదంతా బిగుతుగా ఉన్నప్పుడు ఆ ఒక్క ఖాళీ ఊడిన పన్నులా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. హెడ్డింగులో ఉండేవి నాలుగు మాటలే కదా, కర్సరు పెట్టి ఒక్కో జంటనూ చేత్తో సర్దండి. కాగితాన్ని తలకిందులు చేసి చూస్తే మాటను చదవడం మానేసి ఖాళీలను చూస్తారు, తప్పు వెంటనే దొరుకుతుంది.

మాటల మధ్య ఎడం కూడా తగ్గించాలి. పెద్దబడి ‘ఐ’ ఒకటి పట్టేంత ఖాళీ చాలు.

6. లైన్ల మధ్య ఎడం

అన్నీ పెద్దబడి అక్షరాలైతే కిందికి దిగే తోకలు ఉండవు. లైన్ల ఎడం సైజులో 90 నుంచి 100 శాతం పెట్టండి. సాఫ్ట్‌వేరు దానంతట అది పెట్టే 120 శాతంలో లైన్లు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. చిన్నబడి కలిస్తే 100 నుంచి 110. మొదటి లైను ‘జి’ తోక రెండో లైను ‘డి’ నెత్తిని తాకుతోందేమో చూసుకోండి.

7. తెలుగు పక్కన ఉంటే

పైన చెప్పిన ఇంగ్లీషు ఫాంట్లలో తెలుగు లేదు. అయినా తెలుగు టైపు చేస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది, అది మీ కంప్యూటరులోని వేరే ఫాంటు. మరో కంప్యూటరులో ఇంకో రకంగా కనబడుతుంది. అందుకని తెలుగు ఫాంటును మీరే ఎంచుకోండి.

తెలుగులో ఇరుకుగా గీసిన ఫాంట్లు తక్కువ. నా మొదటి ఎంపిక అనెక్ తెలుగు. దీనికి బరువు, వెడల్పు రెండూ మారతాయి. వెడల్పు 75 దాకా తగ్గుతుంది, బరువు 800 దాకా పెరుగుతుంది. నోటో సాన్స్ తెలుగులోనూ ఈ రెండు సదుపాయాలు ఉన్నాయి. ఇరుకు అక్కర్లేదు, మందం చాలు అనుకుంటే రామభద్ర ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. మన అక్షరాలు గుండ్రం. ఇంగ్లీషు ‘హెచ్’ను నొక్కినా ‘హెచ్’లాగే ఉంటుంది. తెలుగులో చిన్న చిన్న ఖాళీలే అక్షరాన్ని వేరుచేస్తాయి. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కు కలిసి ఉంటుంది. మందం ఎక్కువై ఆ సందు పూడుకుపోతే ‘పంట’ కాస్తా ‘వంట’ అయిపోతుంది. ‘ద’కూ ‘ధ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ తేడా కింద ఉన్న చిన్న గీత ఒక్కటే. అందుకే తెలుగులో అన్నిటికంటే మందమైన బరువు కాకుండా దానికి ఒక మెట్టు తక్కువ పెట్టండి. ఇంగ్లీషుతో పోల్చినప్పుడు కాస్త పల్చగా అనిపించినా పర్వాలేదు, మాట మారిపోకపోవడం ముఖ్యం.

ఇంకా ఇవి:

- ఇంగ్లీషు, తెలుగు రెండిటికీ ఒకే పాయింటు సైజు పెట్టి ఊరుకోవద్దు. సైజు ఒకటే అయినా ఎత్తు ఒకటి కాదు. గుడులు, వత్తులు లేని ‘ర’, ‘న’ లాంటి అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరం పక్కన పెట్టి, ఎత్తు కంటికి కుదిరేదాకా తెలుగు సైజు మార్చండి.
- తెలుగుకు ట్రాకింగ్ సున్నా దగ్గరే ఉంచండి. మైనస్ పెడితే ఒక అక్షరం వత్తు పక్క అక్షరం వత్తుకు గుద్దుకుంటుంది.
- లైన్ల ఎడం కనీసం 130 శాతంతో మొదలుపెట్టండి. పై లైను ‘స్త్రీ’ వత్తులు కింది లైను ‘కి’ గుడిని తాకకపోతే, అక్కడి నుంచి కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు.
- ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ టైపు చేసి చూడండి. వత్తులు విడిపోయి పక్కన నిలబడితే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. అడోబీ సాఫ్ట్‌వేర్లలో ‘వరల్డ్-రెడీ’ అనే కంపోజరు ఎంచుకుంటే చాలావరకు సర్దుకుంటుంది.

8. రంగు, నేపథ్యం

తెల్ల కాగితం మీద నల్ల అక్షరం అచ్చువేస్తే సిరా కాస్త పాకి లోపలి ఖాళీలను తింటుంది. నల్లటి నేపథ్యంలో తెల్ల అక్షరం వదిలితే అదే సిరా అక్షరాన్ని తింటుంది. తెరమీద సంగతి వేరు, నలుపు మీది తెలుపు వెలిగిపోయి ఇంకా లావుగా కనబడుతుంది. అక్కడ బరువు ఒక మెట్టు తగ్గించి, ట్రాకింగ్ ఐదో పదో పెంచండి.

ఫోటో మీద పెట్టేటప్పుడు చాలామంది అక్షరానికి అవుట్‌లైను, దానికో నీడ, దానిమీద మెరుపు వేస్తారు. ఇంత ఇరుకు అక్షరానికి ఇవేవీ పడవు. గీతను అక్షరం లోపలికి వేస్తే అక్షరం సన్నబడుతుంది, బయటికి వేస్తే ఖాళీలు మూసుకుపోతాయి. దానికంటే ఫోటోలో ఆ భాగాన్ని ముదురు చేయండి.

9. కుదిరిందో లేదో చూసుకోవడం

తెరమీదకైతే: 1280×720లో చేసిన థంబ్‌నెయిలును 160 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి ఫోనులో చూడండి. మాట అందాలి. అందకపోతే సైజు పెంచడం కంటే మాట తగ్గించడమే మంచిది. వెబ్‌సైటుకైతే ఫాంటు ఫైలు రాకుండా ఆపి పేజీ తెరవండి. వెడల్పాటి ఫాంటు దాని స్థానంలోకి వచ్చి హెడ్డింగు నాలుగు లైన్లకు పాకుతోందా? అయితే బదులు ఫాంట్ల వరసలో ఇరుకు ఫాంటును ముందు పెట్టండి. ఇంపాక్ట్ అన్ని ఫోన్లలోనూ ఉంటుందని నమ్ముకోవద్దు, ఆండ్రాయిడ్‌లో అది రాదు.

అచ్చుకైతే: హెడ్డింగులో ఒక ముక్కను అసలు సైజులోనే ప్రింటు తీసి గోడకు అంటించి దూరం జరగండి. బోర్డులు చేసేవాళ్లు పాటించే ఒక లెక్క ఉంది: హాయిగా చదవాలంటే ప్రతి 3 మీటర్ల దూరానికి దాదాపు 25 మిల్లీమీటర్ల అక్షరం ఎత్తు ఉండాలి. ఆ లెక్కన 12 మీటర్లకు 100 మిల్లీమీటర్లు. ఇంత మందం, ఇంత ఇరుకు ఉన్న అక్షరానికి నేను దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 150 తీసుకుంటాను. తర్వాత కళ్లు సగం మూసి చూడండి. ఏ రెండు అక్షరాలు ఒకే నల్ల ముద్దలా కలుస్తాయో అక్కడ ఎడం పెంచండి.

చివరి పరీక్షకు మరో మనిషి కావాలి. హెడ్డింగు ఏమిటో ముందే చెప్పకుండా ఒక్క క్షణం చూపించి దాచేయండి. ఏం చదివారో అడగండి. మీకు ఆ మాట ముందే తెలుసు కాబట్టి మీ కన్ను తప్పును దాటేస్తుంది, వాళ్ల కన్ను దాటదు.

ఎక్కడ వాడకూడదు

పేరాలకు వద్దు. పటాల కింద వివరాలకు వద్దు. మందుల మోతాదు, భద్రతా సూచనలు, ఫారాల్లో నింపే గడుల పేర్లు, ఇలా ఒక్క అక్షరం తప్పు చదివినా నష్టం జరిగే చోట అసలే వద్దు. హెడ్డింగు కింద వచ్చే పాఠానికి మామూలు వెడల్పు, మామూలు బరువు ఉన్న ఫాంటు పెట్టండి. అది కూడా కండెన్స్‌డే అయితే పై హెడ్డింగు తేలిపోతుంది. పక్కన విశాలమైనది ఉన్నప్పుడే ఇరుకు బలంగా కనబడుతుంది.

ప్రింటుకు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి ఒక కాపీ చేయండి, లేదా ఫాంటు ఇమిడ్చిన పీడీఎఫ్ ఇవ్వండి. లేకపోతే అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేక హెడ్డింగు వేరే ఫాంటులో అచ్చయి వస్తుంది. మార్చుకోవడానికి వీలున్న అసలు ఫైలును విడిగా దాచుకోండి. ఫైలు పేరులో ఫాంటు పేరు, బరువు, ట్రాకింగ్ అంకె కూడా రాసి పెట్టుకుంటే, ఆరు నెలల తర్వాత అదే హెడ్డింగు మళ్లీ కావాల్సి వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.